గళ్ళ చెయ్యి

నా భార్య తమ్ముణ్ణి మా కార్ఖానాలో అందరూ తేలికబాబు అంటారు. ఏ వస్తువు చూపించినా "ఇంత బరువెందుకు బావా?" అంటాడు. చదువు పెద్దదే. దాన్ని మోసుకు తిరగడమే అతని పని.

మోటార్లు ఎత్తడానికి గోడకు బిగించే ఇనుప చెయ్యి ఒకటి చెయ్యాల్సి వచ్చింది. దాని డిజైను తనకిమ్మన్నాడు. వాళ్ళక్క చేత కూడా చెప్పించాడు. సరేనన్నాను. చెయ్యి నిలిస్తే డిజైను గది అతనిది. లేకపోతే కంప్యూటరు సర్దుకుని వేరే చోటు చూసుకోవాలి. ఈ మాట మా ఆవిడ ముందే అన్నాను.

"పలకని కంప్యూటర్లో చిన్న చిన్న గళ్ళు చేస్తాం బావా. బరువు దేనిమీద పడుతోందో లెక్క చూసుకుంటుంది. పనిచెయ్యని గడిని తీసేస్తుంది."

"పనిచెయ్యనివాణ్ణి తీసేస్తుందా? మరి నువ్వెలా కూర్చున్నావురా దాని ముందు?"

నవ్వలేదు. బొమ్మ చూపించాడు. చదరంగం బల్లలా ఉంది. ఒక గడి ఇనుము, ఒక గడి ఖాళీ.

"దీన్ని మించి గట్టిది లేదు. లెక్కే చెప్పింది."

అడిగితే వివరిస్తాడు, వివరిస్తే పూట పోతుంది. మందపాటి పలక ఇప్పించి ఊరుకున్నాను.

మంటతో కోసే మిషను కదిలింది. ఖాళీ గళ్ళు కిందపడ్డాయి. అది సబబే. వాటి వెంటే ఇనుప గళ్ళూ టపటపా రాలాయి. అవి ఒకదాన్నొకటి మూలల దగ్గర మాత్రమే తాకుతున్నాయి. ఆ మూలల్ని మంట తినేసింది. తేలికబాబు చేతులు కట్టుకుని చూస్తున్నాడు, ఎవరి తప్పో అన్నట్టు.

ఆపరేటరు మిషను ఆపాడు. "సార్, వీటిలో చెయ్యేది, చెత్తేది?"

"లెక్కలో ఫిల్టరు పెట్టడం మరిచిపోయాను బావా," అన్నాడు తేలికబాబు. "అది లేకపోతే లెక్క ఇలా గళ్ళుగళ్ళుగా తేలుతుంది. మూలకి మూల తగిలితే చాలు, గట్టిదే అనుకుంటుంది."

"కాఫీ ఫిల్టరు కనబడకపోతే ఇల్లు పీకి పందిరేస్తావే!" అంది తమ్ముడి పనితనం చూద్దామని వచ్చిన మా ఆవిడ. "దీనికి మరిచిపోయావా?"

"లెక్క మాత్రం తప్పు కాదక్కా."

"అయితే మోటారుని లెక్కకే తగిలించు."

తమ్ముడంటే ప్రాణం ఆవిడకి. అయినా తనే గదిలోకి వెళ్ళి తీగలు పీకి, కంప్యూటరు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

గేటు దగ్గర కాపలాదారుతో చెబుతున్నాడు: "డిజైను బ్రహ్మాండం. మా బావ మిషను మంటే మరీ లావు."

కాపలాదారు తలూపి, గేటు బార్లా తీశాడు.