బుడ్డల్లో గాజుముక్క

కార్తీకం వచ్చిందంటే కనగానపల్లి పక్క పల్లెల్లో కోడి కూయకముందే వేరుశనగ కాయలు నూర్చే బుడ్డల మిషను గొంతు లేస్తుంది. డ్రైవరు పెద్దప్ప ట్రాక్టరును మిషనుకు తగిలించి స్టార్టు చేస్తాడు. ఆడవాళ్ళు తలలకు గుడ్డలు చుట్టుకుని, ఎండిన వేరుశనగ చెట్లను వామిలోంచి పీకి చేతుల మీదుగా అందిస్తారు. పైన పలక మీద నిలబడి ఆ చెట్లను మిషను నోట్లోకి తోసే పని మంజులది. ఒక పక్క కాయ రాలిన ఎండు కట్టె ఎగిరి కుప్ప పడుతుంది, ఇంకో పక్క బుడ్డలు జలజలా గంపలోకి రాలతాయి. దుమ్ము సంగతి అడగనే వద్దు. మధ్యాహ్నానికి ఎవరు ఎవరో గొంతు వింటే తప్ప తెలియదు.

పైకెక్కి చెట్లు తోయడమంటే ఆషామాషీ కాదు. ఎక్కువ తోస్తే మిషనుకు గొంతు పట్టుకుంటుంది, తక్కువ తోస్తే ఊరికే డీజిలు తాగుతుంది. మంజుల తోస్తే ఆ రెండూ జరగవు. రామగిరి దాకా ఆమెకు పేరుంది. ఎవరితోనూ చెప్పుకోదు గానీ, ఆ పలక మీద నిలబడినప్పుడు మంజులకు భలే గర్వంగా ఉంటుంది.

మిషను గంగాధరది. దాన్ని కొని తెచ్చిన రోజు గుమ్మడికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఊరంతా తిప్పాడు. ఆ మిషనుకు ఒక అలవాటుంది. ఎవరినైనా పట్టుకోబోయే ముందు, వాళ్ళ ఒంటిమీది వస్తువు ముక్క ఒకటి బుడ్డల్లో కక్కుతుంది. వస్తువు మాత్రం ఇంకా మనిషి దగ్గరే చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటి ఏడాది పెద్దప్ప ఎర్రతుండు కొస గంపలో పడింది. చూస్తే తుండు ఆయన భుజం మీదే ఉంది, దాని కొసా ఉంది. 'ఇదేందబ్బా' అని నవ్వుకున్నాడు. ఆ పూటే తిరిగే షాఫ్టు తుండును చుట్టుకుని ఆయన్ని నేలకేసి కొట్టింది. ప్రాణం దక్కింది గానీ ముందుపళ్ళు పోయాయి.

అప్పట్నుంచీ ఊళ్ళో ఒక పద్ధతి. గంపలో ఎవరి ముక్క పడితే వాళ్ళను ఇంటికి పంపించాలి. మిషనుకు నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, మళ్ళీ స్టార్టు చేయాలి. రామక్క దండలోని పూస పడింది, పంపించారు. అలివేలమ్మ కొంగు చెరుగు పడింది, పంపించారు. ఎవరికీ ఏమీ కాలేదు. బాగుంది పద్ధతి అని అందరూ సంబరపడ్డారు. అందరూ అంటే అందరూ, ఆ మంజులతో సహా!

తొంభై ఎనిమిదిలో మంజుల వంతు వచ్చింది.

బుడ్డలు పట్టే కుళ్ళాయమ్మ గంపలోంచి ఒక గాజుముక్క ఏరి పైకెత్తింది. ఎర్రచుక్కల పచ్చగాజు. మంజుల తన ఎడమచెయ్యి చూసుకుంది. ఎర్రచుక్కల పచ్చగాజులు అన్నీ చేతికే ఉన్నాయి.

"దిగమ్మా మంజులా, ఇంటికి పో," అన్నాడు గంగాధర.

దిగి పోయింది. మర్నాడు వస్తే మళ్ళీ పడింది. ఆ మర్నాడూ పడింది. గంగాధర రెండు చేతులూ జోడించాడు. "ఇంక నువ్వు మిషను మీదికి ఎక్కనే వద్దు. దానికి నీ చెయ్యి కావాల. ఎన్నిసార్లని పంపిస్తా?" అన్నాడు. ఈ మాట పక్క ఊళ్ళకూ పాకింది. మంజులను ఎక్కించుకునే మిషను ఇంక ఈ సీమలో దొరకదని తేలిపోయింది.

రామక్కను పైకెక్కించారు. మాటిమాటికీ మిషనుకు గొంతు పట్టుకుంటోంది. పెనుకొండ దిక్కున మబ్బు ముసురుకుంటోంది. నూర్చాల్సిన వాములు చేలల్లో అట్లాగే ఉన్నాయి. అందులో మంజులదీ ఒకటి. ఏడాది కష్టమంతా ఆ వామిలోనే ఉంది. తడిస్తే బూజు పట్టి కట్టె గొడ్లకు కూడా పనికిరాదు.

మంజుల ఇంటికి పోలేదు. గట్టు మీద కూచుని తన గాజుముక్కలను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఏడుపొచ్చింది. ఏడిచింది కూడా. ఏడుస్తూ ముక్కలను కొంగుతో తుడిచింది. కొంగు నల్లగా అయింది. మళ్ళీ తుడిచింది, ఇంకా నల్లగా అయింది. ఏడుపు ఆగిపోయి కోపం మొదలైంది.

చరచరా కళ్ళంలోకి వచ్చి ట్రాక్టరు ముందు నిలబడింది.

"పెద్దప్ప మామా, ఆపు."

పెద్దప్ప భయపడి ఆపేశాడు. గంగాధర పరుగెత్తుకొచ్చాడు. "ఏం మంజులా! పొమ్మంటే పోక ఈడేం చేస్తాండావు?"

"ఈ గాజుముక్క చూడన్నా. ఏముండాది దీనికి?"

"గ్రీజు."

"నేను చెట్లు తోసే నోటికాడ గ్రీజు యాడుండాది? అంతా దుమ్మే గదా! గ్రీజు ఉండేది ఎడమపక్క, బెల్టు తిరిగే చక్రాలకాడ. చెట్లు ఆ పక్కకు జారి బెల్టు మీద పడితే ఎడమచేత్తో తోసేస్తా. చూడకుండానే తోస్తా, అలవాటు. అది నన్ను ఇంటికి పొమ్మన్లేదన్నా. నా చెయ్యి యాడ పోతాదో చూపిస్తాండాది. మనమేమో దానికి నిమ్మకాయలు కోస్తాండాం!"

ఆడవాళ్ళంతా దగ్గరికి వచ్చారు. గంగాధర నసిగాడు.

"ఆ బెల్టు మీద రేకు మూత రావాల గదా, అదేమైంది?" అంది మంజుల.

"ఉండాది లే. గ్రీజు పెట్టేదానికి ఊరికే ఊడదీయల్ల, మళ్ళీ బిగించల్ల... ఎవరు పడతారా బాధ అని తీసేసినా."

"యాడ పెట్టినావు?"

 పెద్దప్ప పళ్ళు లేని నోటితో గొణిగాడు. "వాళ్ళింట్లో నీళ్ళ గోలెం మీదుండాది."

కుళ్ళాయమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఓహోహో! ఏమప్పా గంగాధరా! మీ ఇంట్లో నీళ్ళకుండే మూత మా చేతులకు లేదా? నీళ్ళల్లో బల్లి పడుతుందని నీకు భయం. మా చేతులు పడితే ఇంటికి పంపిస్తావు, అంతే గదా!"

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. నవ్వుతూనే చేతుల్లో చెట్లు కింద పడేసి, ఎవరికి వాళ్ళు నేల మీద చతికిలబడ్డారు. మూత వచ్చేదాకా ఎవరూ లేవరని గంగాధరకు అర్థమైంది. సిగ్గూ పడ్డాడు. మంచివాడే పాపం, బద్ధకం తప్ప. తానే సైకిలెక్కి పోయి, గోలెం మీది రేకు తెచ్చాడు.

మంజుల అప్పుడే చెయ్యి పెట్టనివ్వలేదు. "తాళం చెవి తియ్యి మామా," అంది పెద్దప్పతో. తీశాడు. ఆ తాళం చెవిని కుళ్ళాయమ్మ వక్కాకు సంచిలో వేయించింది. "మిషను మీద ఎవరి చెయ్యి ఉన్నా, ఇది సంచిలోంచి బయటికి రాకూడదు పెద్దమ్మా."

"వక్క అడిగినా ఇయ్యను పో," అంది కుళ్ళాయమ్మ సంచి మూతి లాగి బిగిస్తూ.

బెల్టు విప్పి చూస్తే నెర్రెలు బారి ఉంది. కొత్తది వేశారు. చక్రాలకు గ్రీజు పెట్టారు. షాఫ్టు మీద కూడా రేకు వంచి కప్పారు. పెద్దప్ప ఎవరూ చెప్పకముందే తుండు తీసి చెట్టుకు తగిలించాడు. మూత బోల్టులు బిగించాక మంజుల ఒక్కొక్కదాన్నీ చేత్తో కదిపి చూసింది. అప్పుడు పలక ఎక్కింది.

"వద్దు మంజులా," అన్నాడు గంగాధర.

"తాళం ఇయ్యి పెద్దమ్మా," అంది మంజుల.

మిషను లేచింది. చెట్లు పైకి వస్తున్నాయి, మంజుల తోస్తోంది. కింద అందరి కళ్ళూ గంప మీదే. బుడ్డలు రాలుతున్నాయి, ఒట్టి బుడ్డలే. గంప నిండింది, ఇంకో గంప పెట్టారు. అప్పుడు ఒక పెద్ద మోపు ఎడమపక్కకు జారింది. మంజుల చెయ్యి చూడకుండానే అటు పోయింది.

ఠంగుమని చప్పుడు!

కుళ్ళాయమ్మ కెవ్వుమంది. పెద్దప్ప ఇంజను ఆపేశాడు. గంపలోకి ఎర్రచుక్కల పచ్చ గాజుముక్క ఒకటి వచ్చి పడింది. గంగాధర తల పట్టుకుని కూలబడ్డాడు.

పైనుంచి మంజుల ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. రేకు మూతకు తగిలి గాజు పగిలింది. మణికట్టు మీద చిన్న గీత, అంతే. ఆమె ఆ చేతిని అటూ ఇటూ తిప్పి, గుప్పిలి ముడిచి, మళ్ళీ తెరిచింది.  కళ్ళమంతా ఒకటే కేకలు, ఈలలు! అలివేలమ్మ అయితే గంపెడు కట్టె గాల్లోకి ఎగరేసింది.

ఆ తర్వాత ఎవరికీ ఆకలి గుర్తు రాలేదు. ఒక వామి అయింది, ఇంకొకటి అయింది. మిషను గంపలోకి బుడ్డలు తప్ప ఏదీ రాల్చలేదు. ఆఖరుగా మంజుల వామి మిగిలింది. తడిగాలి మొదలైంది. గంగాధర పలక దగ్గరికొచ్చి తల ఎత్తి చూశాడు.

"బెల్టు ఇంకోసారి చూడాల్నా మంజులా? నువ్వు ఊ అంటేనే స్టార్టు."

మంజుల మబ్బు చూసింది. అయినా తొందరపడలేదు. దిగి, బెల్టు చూసి, బోల్టులు కదిపి, మళ్ళీ ఎక్కింది. "అందరూ ఎడంగా జరగండి. ఊ, నడుపు మామా."

కడపటి మూట ఇంట్లోకి చేరేసరికి వాన దబదబా కురిసింది. చూరు కింద నిలబడి మంజుల రెండు చేతులూ వానలోకి చాపింది. దుమ్ము కారిపోయింది, వేళ్ళన్నీ తేటగా కనబడ్డాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడింది.

"ఏమ్మే, లెక్కపెట్టుకుంటాండావా?" అంది కుళ్ళాయమ్మ.

"ఊ పెద్దమ్మా," అంది మంజుల. "అన్నీ ఉండాయి."