పూజ చేయించుకున్న ఇంజన్

నేను ఒక పడవ ఇంజన్ని. తెప్ప వెనక తగిలించి, తాడు లాగి లేపే రకం. మొదటి యజమాని నన్ను కొత్త అల్లుడిలా చూసుకున్నాడు. రెండో ఆయన ఇల్లరికపు అల్లుడిలా వాడుకున్నాడు. మూడో ఆయన కొర్లయ్య. జాలరిపేటలో ఆయన చేతికి చిక్కేసరికి నాకు వయసు మీరింది. అయినా నా అంతట నేనుగా ఏనాడూ మొరాయించలేదు.

వేట నిషేధం ముగిసి మళ్లీ సముద్రంలోకి దిగే రోజున గంగమ్మకు పూజ చేస్తారు. కొర్లయ్యకు భక్తి ఎక్కువ. తెప్పకూ, నాకూ, కిరసనాయిలు ట్యాంకుకూ తన చేత్తోనే ముద్దలుగా పసుపు మెత్తాడు. ట్యాంకు మూతకు గాలి ఆడటానికి చిన్న బెజ్జం ఉంటుంది. ఆ గాలి లోపలికి పోకపోతే నూనె నా దాకా రాదు. ఆ బెజ్జంలో పసుపు ఎండి బిరడాలా బిగుసుకుంది.

కాసేపు బాగానే పరుగెత్తి, నడిసముద్రంలో గొంతెండి ఆగిపోయాను. తోటి తెప్పలు దాటిపోతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొర్లయ్య ప్లగ్గు తుడిచాడు, కార్బురేటర్ కడిగాడు, మూత తీసి నూనె ఉందో లేదో చూశాడు. మూత తీసినప్పుడల్లా గాలి దూరి నాకు ప్రాణం లేచొచ్చేది. అది తన మరమ్మతు మహిమ అనుకునేవాడు పాపం. మూత బిగించిన కాసేపటికే మళ్లీ మొదటికి వచ్చేది. అలా ఆగుతూ నడుస్తూ ఎలాగో ఒడ్డు చేరాం.

నూనె పోసే పని ఆయన బావమరిది దానయ్యది.

“నూనిలో నీల్లు కలిపీసినావేటిరా?” అన్నాడు కొర్లయ్య, ఒడ్డున అందరి ముందూ.

“గంగమ్మ తోడు బావా, నానేటీ కలపనేదు.”

సీసాలో పోసి చూస్తే అడుగున నీటిబొట్టు లేదు. అయినా కొర్లయ్య అనుమానం తీరలేదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకుంటారు మనుషులు. ఇక్కడ దుత్త మీది కోపం మనిషి మీద తీరింది.

“రేపట్నుంచి నా తెప్ప ఎక్కకు,” అనేశాడు.

మర్నాడు పొద్దున్నే కొర్లయ్య పాత నూనె పారబోసి తానే కొత్తది పోశాడు. మూత బోర్లించి తుడుస్తుంటే బెజ్జంలో పసుపు కనబడింది. మొలతాడుకున్న పిన్నీసుతో పొడిస్తే బిళ్ల ఊడి అరచేతిలో పడింది. చాలాసేపు దాన్నే చూశాడు. అది మెత్తిన చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఇసుకలో కప్పెట్టాడు.

ఆరోజు నేను ఒక్కసారి కూడా ఆగలేదు. తిరిగి రాగానే తెప్పను పైకి లాగడానికి ఒడ్డున ఉన్నవాళ్లంతా భుజం వేశారు. పగ ఉన్నా సరే, భుజం వేయడం మా పేట ఆచారం. దానయ్య కూడా వచ్చి నా పక్కనే భుజం ఆనించాడు.

“ఆడు దిగిపోయాక ఇంజను బాగైపోనాది, సూసినారా,” అన్నాడొక ముసలాయన.

దానయ్య తలెత్తి కొర్లయ్య వైపు చూశాడు. కొర్లయ్య నోరు తెరిచాడు.

“ఊఁ, లాగండి, లాగండి,” అన్నాడు.

దానయ్య తల వంచుకుని లాగాడు. ఆ తర్వాత అతన్ని ఏ తెప్పవాళ్లూ పిలవలేదు. పేట వదిలి ఎటో కూలికి పోయాడు.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో తుప్పుపట్టి పడి ఉన్నాను. ఇక్కడి ఇంజన్లన్నీ ఆగిపోయిన రోజులు తలచుకుని సిగ్గుపడతాయి. నేను మాత్రం ఆగకుండా నడిచిన ఆ రోజును తలచుకుని సిగ్గుపడతాను. నాకు నోరు లేదు. కొర్లయ్యకు ఉంది.