లోపల: ఒకరు

ఊరిగాంలో పాత కార్మికుల రికార్డుల ఆఫీసంటే రెండు గదులు, మూడు బీరువాలు, ఒక నేత్రావతి. బేతమంగళ దగ్గర పల్లెలో రాగులు పండించుకుని బతికే ఇంట్లోంచి డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. పొద్దున ఎనిమిది గంటల బస్సు ఎక్కితే సాయంత్రం దాకా ఆఫీసును ఒక్కతే చూసుకునేది.

బంగారు గనులు మూసి పద్దెనిమిదేళ్ళయినా ఆ ఆఫీసుకు మనుషులు వస్తూనే ఉంటారు. ఛాతీ జబ్బు కాగితాలకని ఒకరు, పేరు తప్పు పడిందని ఇంకొకరు. ఫలానా వాడు ఫలానా రోజు భూమి కిందికి దిగినాడని చెప్పగలిగేది పాత లాంప్ రూమ్ రిజిస్టర్ ఒక్కటే. దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ బోర్డుకు తగిలించి దీపం తీసుకుంటాడు. పైకొచ్చి దీపం ఇచ్చేసి బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ ఉన్నంతసేపూ మనిషి లోపలే. గనులు నడిచే రోజుల్లోనే ఈ పద్ధతినంతా ఒక ప్రోగ్రాంగా రాయించి కంప్యూటర్‌లోకి ఎక్కించినారు.

ఆ కంప్యూటర్ ముసలిదై రెండేళ్ళ కిందట చచ్చిపోయింది. ఆ పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్ల మీద నడవదు. నేత్రావతి నెట్‌లో చదివి చదివి, దాని డిస్కును ఉన్నదున్నట్టు దింపి, కొత్త లినక్స్ కంప్యూటర్ లోపల దాన్ని వర్చువల్ మిషన్‌గా నిలబెట్టింది. అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. దానికి స్క్రీన్ లేదు, కీబోర్డు లేదు. కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే లేవాలని, పడిపోతే లినక్సే మళ్ళీ లేపాలని దాన్నొక సర్వీసుగా రాసి పెట్టింది. అప్పట్నించీ అది లోపలెక్కడో నడుస్తూ ఉంది. ఎవరైనా రుజువు అడిగితే మాత్రం నేత్రావతి కిటికీ తెరిచినట్టు తన స్క్రీన్ మీద దాన్ని తెరిచి, కావలసింది చూసి, మూసేసేది.

ఒక గురువారం పొద్దున అక్కయమ్మ వచ్చింది. అరవై ఐదేళ్ళుంటాయి. వెంట నంజుండప్ప. ఆయన లాంప్ రూమ్‌లో ముప్పై ఏళ్ళు చేసినవాడు, ఆ ప్రోగ్రాం రాసే పిల్లాడి పక్కన కూర్చుని పద్ధతులన్నీ చెప్పినవాడు.

"ఈమె చౌడప్ప పెండ్లాం అమ్మా" అన్నాడు నంజుండప్ప. "బిళ్ళ నంబరు రెండువేల రెండొందల పదిహేడు. తొంభై ఏడులో ఎయిర్ బ్లాస్ట్ అయి లోపలి రాయి కూలినప్పుడు కింద ఉండినాడు. పదకొండు దినాలు తవ్వినారు. వాని దాకా పోయేకి కాలేదు."

మిగతా సంగతి అక్కయమ్మే చెప్పింది. శనివారం మాలయ అమావాస్య. పోయిన ఇంటి పెద్దలందరికీ ఆకులేసి అన్నం పెట్టే రోజు. ఇరవై రెండేళ్ళుగా ఆ వరసలో చౌడప్పకు ఆకు లేదు. ఆమె బావ, చౌడప్ప అన్న దొడ్డమునియప్ప వెయ్యనివ్వలేదు.

"బతికినాడో పోయినాడో తెలీనోడికి ఆకు యెట్లేసేది అంటాడు. నేనూ ఇన్నేండ్లు నోరెత్తలేదు, వస్తాడేమో అని నాకే ఉండె. ఇప్పుడు నా ఒళ్ళు బాగలేదు తల్లీ. నేనుండంగానే ఆయనకొక ఆకు పడల్ల. ఆఫీసు కాగితం తెస్తే ఒప్పుకుంటానన్నాడు మా బావ."

"ఏం కాగితం అవ్వా?"

నంజుండప్ప చెప్పినాడు. షిఫ్టు ముగిసే వేళ ఎవరి బిళ్ళైనా బోర్డు మీదే ఉంటే లాంప్ రూమ్ వాళ్ళు కిందికి ఫోన్ చేసి వాణ్ణి పిలవాల. జవాబు వచ్చిందా లేదా రాయాల. ప్రోగ్రాం కూడా అంతే. పొద్దున ఆరుకు, మధ్యాన్నం రెండుకు, రాత్రి పదికి లోపలున్నవాళ్ళ నంబరు చూపించి జవాబు వచ్చిందా అని అడుగుతుంది. పది నిమిషాలు చూస్తుంది. ఏమీ రాకుంటే జవాబు లేదని తానే రాసుకుని ఒక కాగితం ప్రింట్ చేస్తుంది. "ఆ కాగితమే కావాల. పాతవి చెదలు తినేసినాయి. గనులు మూసేటప్పుడు బోర్డు మీద మిగిలింది వాని బిళ్ళ ఒక్కటే. ఇప్పటికీ దినామూ మూడు తూర్లు పిలుస్తానే ఉంటుంది."

నేత్రావతి కుర్చీ ముందుకు జరుపుకుంది. స్క్రీన్ మీద రిజిస్టర్ తెరిచింది. పైన 'లోపల: ఒకరు' అని ఉంది. కింద 2217. దాని ఎదురుగా, రెండేళ్ళ కిందటి నుంచి, వరసలు వరసలుగా ఒకటే మాట ఇంగ్లీషులో: జవాబు వచ్చింది. జవాబు వచ్చింది. జవాబు వచ్చింది.

నంజుండప్ప అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవరమ్మా జవాబు చెప్పింది?"

"నేనే తాతా."

సంగతి దాచే అలవాటు ఆమెకు లేదు. కొత్తలో ఆ ప్రోగ్రాం రోజూ మూడుసార్లు నిలబడిపోయేది. ఏదో కాగితం ప్రింట్ చెయ్యాలని చూస్తుంది, మిషన్‌కు ప్రింటర్ లేదు, అంతే, అక్కడే రాయిలా ఆగిపోతుంది. అప్పుడామె ఒక చిన్న స్క్రిప్ట్ రాసింది. ఆరు, రెండు, పది దాటిన అయిదు నిమిషాలకు మిషన్‌కు ఒక ఎంటర్ పంపుతుంది, అంతే. ప్రశ్నేమిటో చదవలేదు. నిలబడిపోవడం తగ్గింది కదా అని సంతోషపడింది.

"ఉత్త ఎంటర్ కొడితే జవాబు వచ్చిందనే పడుతుంది" అన్నాడు నంజుండప్ప. "నేనే అట్ల రాయమన్నాను. నిద్రమత్తులో తెలీకుండా మీట నొక్కినా మనిషి చచ్చినట్టు పడకూడదు గదా."

నేత్రావతికి తలెత్తబుద్ధి కాలేదు. అక్కయమ్మ మాత్రం కోప్పడలేదు. ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"రెండేండ్లుగా ఆయన మారుగా నువ్వా పలుకుతుండేది?"

"తెలీక అవ్వా. ఈ రోజే తీసేస్తాను. రెండు గంటలకు పిలుస్తుంది. పలికేవాళ్ళుండరు. కాగితం వస్తుంది."

వాళ్ళు రేపొస్తామని వెళ్ళినారు. నేత్రావతి స్క్రిప్ట్ ఆపేసింది. ఆపింది చాలదన్నట్టు దాన్ని తుడిపేసింది కూడా. ప్రింటర్ తగిలించింది. రెండయ్యేసరికి మిషన్ కిటికీ తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట ఎండ ఫెళ్ళుమంటోంది. బంగారం తీసినాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీది తెల్ల దుమ్ము గాలికి లేచి రోడ్డు దాటి పోతోంది.

రెండుకు ప్రశ్న పడింది. 2217 ను పిలవండి. జవాబు వచ్చిందా?

గడియారంలో రెండూ ఒకటి. రెండూ రెండు. మినుకు మినుకుమంటూ ఒక గీత. రెండూ నాలుగుకు ఆ గీత పక్కన అక్షరాలు పడినాయి. ఒక్కసారిగా కాదు. ఎక్కడ ఏ మీట ఉందో వెతుక్కునేవాడు కొట్టినట్టు, ఆగి ఆగి, ఒకటొకటిగా.

జవాబు వచ్చింది.

నేత్రావతి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. కాసేపటికి మళ్ళీ కూర్చుని, తనకు తెలిసిన పనే చేసింది. లినక్స్ లాగ్ చూసింది. మిషన్‌కు ఎవరూ ఏ మీటా పంపలేదు. స్క్రిప్ట్ లేదు. ఎవరైనా బయటినుంచి ఆడుకుంటున్నారేమోనని నెట్ వైరు పీకేసింది. ఇంటికి పోయే ముందు సర్వీసునే నిలిపేసింది. పడితే లేపమని రాసినా, మనమే నిలిపితే లినక్స్ దాన్ని లేపదు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఆగింది అని చూపించింది. సరిగా అయిదూ పది.

ఆ రాత్రి అమ్మ అడిగితే తలనొప్పి అని చెప్పింది.

శుక్రవారం తొమ్మిదీ నలభైకి సర్వీసు లేపింది. లాగ్‌లో నిన్న అయిదూ పదికి ఆగినట్టు, ఇప్పుడు లేచినట్టు రెండు వరసలు. మధ్యలో ఏమీ లేదు. పాత రిజిస్టర్ తెరిచింది.

రాత్రి పదీ నాలుగు. జవాబు వచ్చింది.

పొద్దున ఆరూ నాలుగు. జవాబు వచ్చింది.

నడవని మిషన్ ఎట్లా రాసుకుంది? ఆమె ఎంతసేపు ఆ రెండు వరసలే చూస్తూ కూర్చుందో తెలీదు. ఒక దారి ఉంది. ఆ పాత మిషన్‌లోకి పోయి తానే 'జవాబు లేదు' అని కొడితే కాగితం వచ్చేస్తుంది. అక్కయమ్మకు చదువు రాదు, దొడ్డమునియప్పకు స్టాంపు ఉంటే చాలు. వేలు మీట దాకా పోయింది. రెండేళ్ళు తెలీకుండా అబద్ధం చెప్పింది. తెలిసి తెలిసి ఇంకొకటి చెప్పలేకపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

పన్నెండున్నరకు వాళ్ళిద్దరూ వచ్చినారు. అక్కయమ్మ ఉతికిన చీర కట్టుకుంది.

నేత్రావతి ఉన్నదున్నట్టు చెప్పింది. నంజుండప్ప నవ్వబోయినాడు. "కరెంటుకి పిచ్చెక్కిందేమో పాపా. నీ మిషన్‌కి చేతులుండాయా ఏమి?" అన్నాడు గానీ, రిజిస్టర్‌లో ఆ రెండు వరసలు చూసినాక వెనక్కి జరిగినాడు. బెంచీ మీద కూర్చుండిపోయినాడు.

అక్కయమ్మే అడిగింది. "కిందికి పిలిచేటప్పుడు ఏమని పిలుస్తారప్పా?"

"పేరు పెట్టి పిలుస్తాము. మూడు తూర్లు."

"ఈ మిషన్ పేరు పెట్టి పిలుస్తుందా?"

"లేదమ్మా. ఉత్త నంబరే."

"అట్లయితే ఇరవై రెండేండ్లుగా ఆయన్ని పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు" అందామె. "ఈ పొద్దు నేను పిలుస్తా."

నంజుండప్ప ఉలిక్కిపడి చూసినాడు. ఆమె వయసువాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. రేషన్ కార్డు రాయించేటప్పుడు కూడా పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు.

రెండుకు ప్రశ్న పడింది. అక్కయమ్మ స్క్రీన్ ముందు స్టూలు మీద కూర్చుంది. మొదటి నిమిషం ఆమె పెదాలు కదిలినాయి గానీ గొంతు రాలేదు. ఆమీద ఒక్కసారిగా, వీధి చివర ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు గట్టిగా పిలిచింది.

"చౌడప్పా!"

బీరువా అద్దం జిల్లుమంది. నేత్రావతి మీటలకు దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది.

"చౌడప్పా! షిఫ్టు అయిపోయిందిలే. గనులే మూసేసినారు. ఇంగ నీకు యాడ పని ఉండాది అక్కడ?"

గీత మినుకుమంటోంది.

"చౌడప్పా" అందామె మూడోసారి, మెల్లగా. "పైకి రా."

అక్షరాలేవీ పడలేదు. రెండూ నాలుగయింది. ప్రశ్న ఉన్న చోటు ఖాళీ అయిపోయింది. పది నిమిషాలు కాలేదు, ఎవరూ ఏమీ కొట్టలేదు. ప్రింటర్ తనంతట తాను కదిలి ఒక కాగితం బయటికి తోసింది. స్క్రీన్ పైన అంకె మారింది. లోపల: సున్న.

నేత్రావతి కాగితం తీసింది. అక్కయమ్మ కోరిన కాగితం కాదది. నంజుండప్ప లేచొచ్చి ఆమె భుజం మీదుగా తొంగి చూసినాడు.

"చదువు తల్లీ" అంది అక్కయమ్మ.

"రెండువేల రెండొందల పదిహేడు. బిళ్ళ తీసుకున్నాడు. పైకొచ్చిన వేళ, మధ్యాన్నం రెండూ నాలుగు." నేత్రావతి కాగితం దించింది. "జవాబు లేదని రాలేదు అవ్వా. ఇది చూపిస్తే మీ బావ ఆకు వెయ్యనిస్తాడో లేదో."

అక్కయమ్మ కాగితం అడగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఇంగ బావను అడిగేదేముండాది. ఈయన్ని ఇంటికి పిలుచుకోని పోయి, రేపు నా చేత్తో ఒక పూట కడుపునిండా పెట్టి, ఆమీద నేనే పంపిస్తా."

గుమ్మం దగ్గర ఆమె ఆగింది. తలుపు బార్లా తీసి పట్టుకుని ఒక పక్కకు ఒదిగి నిలబడింది, ముందు పోవలసిన వాళ్ళకు దారి ఇచ్చినట్టు. నంజుండప్ప ఉన్నచోటు నుంచి కదల్లేదు. నేత్రావతి కదల్లేదు. గది లోపల్నుంచి చల్లటి గాలి ఒకటి, తడి రాయి వాసనతో, వాళ్ళిద్దరి మధ్యగా గుమ్మం వైపు పోయింది.

అప్పుడు అక్కయమ్మ గడప దాటి వెనకాలే బయలుదేరింది. ఎండలో రోడ్డు మీద రెండడుగులు ఎడంగా, ముందుకు చూసి ఎవరినో కసురుకుంటూ నడుస్తోంది.

"ఇంత సేపా రావడానికి?"