ఉప్పునీళ్ళలో తీగ

భోగాపురం విమానాశ్రయం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో, శిక్షణ విమానాలకు కరెంటు తీగల కట్టలు తయారుచేస్తారు. కోటబొమ్మాళి నుంచి వచ్చిన రూబీ అక్కడ తనిఖీ ఉద్యోగి. ఐటీఐ చదివింది. ఏడేళ్ళుగా ఆమె సంతకం లేకుండా ఒక్క కట్ట కూడా గేటు దాటలేదు.

ఆ ఆగస్టులో ఒక కట్టను వంచి చూస్తుంటే, తీగ మీది పసుప్పచ్చ తొడుగులో వెంట్రుకంత చీలిక కనబడింది. భూతద్దం పెట్టి చూసింది. వంపు తిరిగిన ప్రతిచోటా చీలికలే. ఆ తీగ చుట్టలు రెండు వానాకాలాలు గోడవారన పడి ఉన్నాయి. చెమ్మకు తొడుగు పెళుసెక్కింది.

మేనేజర్ తిరుమలరావు మెగ్గర్ అనే మీటరు తెప్పించి, కరెంటు బయటికి కారుతోందేమో కొలిపించాడు. ఏమీ కారడం లేదు.

“సూసేవా? బాగానే ఉన్నాది. సంతకం పెట్టు. రేపు కొనేవోళ్ళ ఇంజనీరు వస్తాడు.”

“పొడిగా ఉంటే బాగానే ఉంటాది సార్. మబ్బుల్లోకి ఎల్లినాక ఆ సీలికల్లోకి తడి దిగుతాది. తీగకీ తీగకీ మజ్జిన నిప్పు లేస్తాది. బండైతే ఆపి దిగిపోతాం. అక్కడ ఎక్కడికి దిగుతారు?”

“నువ్వెప్పుడైనా ఇమానం ఎక్కేవేటి?”

“నేదు. ఎక్కినోళ్ళ కోసరమే సెప్తన్నాను.”

అతను పెన్ను ముందుకు జరిపాడు. రూబీ దాన్ని వెనక్కి తోసింది.

“అయితే సోమవారం నుంచి ప్యాకింగులో కూకో.”

మర్నాడు ఇంజనీరు జగన్నాధం వచ్చాడు. ఆయన చేతిలోని తనిఖీ కాగితం మీద, తన సంతకం ఉండాల్సిన చోట తిరుమలరావు సంతకం చూసింది రూబీ. ఇక ఆగలేకపోయింది. తీగలు కట్టే అసిరమ్మను పిలిచింది.

“అత్తా, బకెట్టుతో నీళ్ళు తే. గుప్పెడు ఉప్పు కలుపు.”

అసిరమ్మ మేనేజర్ ముఖం వైపు చూడనైనా చూడకుండా వెళ్ళి తెచ్చింది.

“ఏటిది? ఆపండి!” అంటూ తిరుమలరావు అడ్డొచ్చాడు.

రూబీ అతన్ని తప్పించుకుని, కొసలు మాత్రం బయట ఉంచి కట్టను ఉప్పునీళ్ళలో ముంచింది. మెగ్గర్ వైరు ఒకటి తీగ కొసకు తగిలించి, రెండోది నీళ్ళలో పెట్టింది.

“సార్, మీరే పిడి తిప్పండి.”

జగన్నాధం తిప్పాడు. ముల్లు సున్నా మీద పడింది; కరెంటంతా నీళ్ళలోకి కారిపోతోంది. ఇంకో తీగ మార్చి తిప్పాడు. మళ్ళీ సున్నాయే. ఆయన లేచి నిలబడ్డాడు.

“ఈ తీగతో మొత్తం ఎన్ని కట్టలు కట్టారమ్మా?”

“పదకొండు సార్. అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటీ ఎల్లనివ్వనేదు.”

ఆ సాయంత్రమే పదకొండు కట్టలనూ కత్తిరించి తుక్కులో వేశారు. అయినా సోమవారం తిరుమలరావు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ప్యాకింగుకి వెళ్ళమన్నాడు.

“తప్పు సేస్తే పంపండి, ఎల్తాను. తప్పు పట్టినందుకైతే నాను లెగను.”

అసిరమ్మ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేసింది. “అది లెగిస్తే మేమూ లెగిసిపోతాం సార్.” మిగతా ఆడవాళ్ళూ పని ఆపేశారు. మధ్యాహ్నానికి జగన్నాధం దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: రూబీ చూడని కట్ట ఏదీ తీసుకోబోమని.

ఆ తర్వాత నాలుగు నెలలు తిరుమలరావు ఆమెతో మాట్లాడలేదు. ఆ సంగతి రూబీని లోపల బాధపెట్టింది. అయినా రోజూ పొద్దున్నే అతని గది ముందు ఆగి, షెడ్డంతా వినబడేలా “గుడ్ మార్నింగ్ సార్” అనేది.