మూడో చుట్టులో దిగిపోయిన లాయిడ్

మూడో చుట్టులో లాయిడ్ బ్రెంకర్ పరుగెడుతున్న పందెం కారులోంచి దిగిపోతాడు. కారు ఆగదు. లోపల స్టీరింగ్ పట్టుకుని ఇంకా లాయిడే దాన్ని నడుపుతున్నాడు.

అది 1934 వేసవి, ఒహాయోలో అర మైలు మట్టి ట్రాకు. ముందు వారమే ఈ ట్రాకు మలుపులో అతని స్నేహితుడు వర్జిల్ కారుతో సహా కాలిపోయాడు. ఇక పందేలు మానేస్తానని లాయిడ్ తన భార్య ఎడ్నాకి మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకుని, దుమ్ము దులుపుకుని ఇంటికి నడుస్తాడు.

"మరి కారెవరు నడుపుతున్నారు?" అంటుంది ఎడ్నా, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

"నేనే."

"గెలుస్తావా?"

"గెలిచేలాగే ఉన్నాను."

గెలుస్తాడు. ఆ ఏడాది ఇండియానాలో నాలుగు పందేలు, పెన్సిల్వేనియాలో ఆరు. పేపర్లో ఫొటో పడుతుంది. ఇంటికొచ్చేసిన లాయిడ్ మేకులూ సుత్తులూ అమ్మే కొట్లో పనికి కుదురుతాడు. వచ్చినవాళ్లు ఆ ఫొటో చూపించి, "మగాడంటే ఇతనూ!" అంటారు. లాయిడ్ తలూపి మేకులు తూచి ఇస్తాడు.

ఆదివారాలు ఎడ్నా క్యారేజీ సర్దుకుని పందేలకి వెళ్లడం మొదలుపెడుతుంది.

"నేనిక్కడున్నాను కదా," అంటాడు లాయిడ్.

"నీకేం ఫరవాలేదు," అంటుంది ఆమె, అతని కాలర్ సవరిస్తూ. "నీ భయమంతా కారులో ఉన్న అతని దగ్గరే ఉండిపోయింది. పాపం, ఒక్కడే మోస్తున్నాడు."

ఒక ఆదివారం ఆమె తిరిగి రాదు. లాయిడ్ ఇద్దరికీ వండి, ఒక్కడే తిని, రెండు పళ్లేలూ కడుగుతాడు.

అక్టోబరులో పందేల సంఘం మనిషొకడు గుమ్మంలో నిలబడి టోపీ తీస్తాడు.

"ఎలా చెప్పాలో తెలీడం లేదు. నిన్న మధ్యాహ్నం మీరు పోయారు. కారు కంచె దాటి ఎగిరిపోయింది."

"నొప్పి తెలిసిందా?"

"అది మీకే తెలియాలి."

లాయిడ్ చాలాసేపు ఆలోచిస్తాడు. తెలియలేదు. తెలియనందుకే అతనికి ఏడుపొస్తుంది.

శ్మశానంలో శవపేటిక మూసే ఉంటుంది. నల్ల బట్టల్లో ఉన్న ఎడ్నా వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకుని పలకరిస్తూ, అతని దగ్గరికొస్తుంది. ఆమె చేయి చల్లగా ఉంది.

"శ్రమపడి వచ్చారు. మీరు ఆయనకేమవుతారు?"

"ఒకప్పుడు కలిసి నడిపాం," అంటాడు లాయిడ్.

ఆమె మర్యాదగా తలూపి, పక్కనున్నాయన చేయి అందుకుంటుంది.

శ్మశానం గోడ అవతల మొక్కజొన్న చేను, పందెం చూడ్డానికొచ్చిన జనంలా మెల్లగా కూర్చుంటుంది, వరస తర్వాత వరస, ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ. అన్నీ కూర్చున్నాక, వేల ఎండు మెడలు, కారేదో వస్తున్నట్టు, ఒక్కసారిగా ఎడమవైపు తిరుగుతాయి. అటు రోడ్డేమీ లేదు.