కొండకు ముందు పన్నెండు అంతస్తులు

మా బావమరిది ఏ పని తలపెట్టినా ముందుగా నాకొక కుర్చీ వేసి కూర్చోబెడతాడు. మర్యాద కోసం కాదు, నేను దేనికీ పనికిరానని అతని గట్టి నమ్మకం. శనివారం రాత్రి కొండ కింది ఊళ్లో ఒకరింట్లో బస, ఆదివారం చీకటితోనే బయల్దేరి సూర్యోదయానికి శిఖరం మీద ఉండాలి. ఈ ప్రయాణానికీ అతనే పెద్ద. పన్నెండో అంతస్తులోని తన ఇంట్లో, భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి అందరికీ పనులు పంచాడు.

"బావా, మీరు మాత్రం ఊళ్లోనే హాయిగా పడుకోండి. మేం దిగొచ్చేసరికి వేడినీళ్లు కాయించి ఉంచితే చాలు," అన్నాడు.

"ఏం, నాకు కాళ్లు లేవా?"

"ఉన్నాయి, వాటికి అలవాటే లేదు. జీవితమంతా లిఫ్టుల్లో తిరిగే మనిషి కొండేం ఎక్కుతారు చెప్పండి?"

నేను లిఫ్టు మెకానిక్‌ని. అందరూ పగలబడి నవ్వారు. మా ఆవిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నవ్వనిది మా అమ్మాయి ఒక్కతే. అసలు కొండ మాట ఎత్తింది అదే. చిన్నప్పుడు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని డాబా మీదికి తీసుకెళ్లి సూర్యుణ్ణి చూపించేవాణ్ణి. "ఈసారి కొండ మీంచి నీకు నేను చూపిస్తా నాన్నా," అంది మొన్న. ఆ మాట విన్నప్పటి నుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉంది నాకు. ఇప్పుడు వీడు నన్ను నీళ్ల దగ్గర కూర్చోబెడతాడట.

"నేను ఎక్కుతాను," అన్నాను.

బావమరిదికి దేనికైనా ఒక రూలు ఉండాలి. "సరే, పరీక్ష పెట్టుకుందాం. సంచులు తగిలించుకుని కింద నుంచి డాబా దాకా మెట్లెక్కాలి. లిఫ్టెక్కినవాళ్లు ఊళ్లో ఉండిపోవాలి. నాతో సహా." ఆ చివరి మాట ఎందుకన్నాడో, పాపం.

అందరం కిందికి దిగాం. అతనికి కొత్త బూట్లు, కొత్త సంచి, చేతిలో ఒక కర్ర. నాకు ఉన్నది టూల్ బ్యాగే. బండి మీంచి తీసి భుజానికి వేసుకున్నాను. అంతకుముందు దాన్ని ఎత్తబోయిన మా అమ్మాయి బరువు చూసి వదిలేసింది.

అతను రెండేసి మెట్ల చొప్పున ఉరికాడు. నేను నా మామూలు నడకే నడిచాను. అడుగు పూర్తిగా ఆనించాలి, మాట్లాడకూడదు, పైకి చూడకూడదు. రోజూ చేసే పనికి తొందరేముంటుంది? సగం దూరంలో రెయిలింగు పట్టుకుని ఎగరొప్పుతూ కనిపించాడు.

"ఏం బావా... ఆయాసంగా ఉందా?" అని నన్నే అడిగాడు. నోరు తెరిస్తే నవ్వొచ్చేస్తుందని జవాబివ్వకుండా దాటిపోయాను.

డాబా తలుపు తోసేసరికి చల్లగాలి మొహానికి తగిలింది. కాసేపటికి మా అమ్మాయి వచ్చింది. తర్వాత తమ్ముణ్ణి తిట్టుకుంటూ మా ఆవిడ వచ్చింది. అతని జాడ లేదు. ఇంతలో గుమ్మం పక్కనున్న లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల మా బావమరిది, కర్ర, కొత్త బూట్లు. నేను బ్యాగు భుజం మీంచి దించలేదు, కావాలనే.

"మీరు... మీరెలా ఎక్కారు బావా?" అన్నాడు నోరు వెళ్లబెట్టి.

"ఒరేయ్, బాగున్న లిఫ్టుకి నన్నెవడు పిలుస్తాడ్రా? చెడిపోతేనేగా పిలిచేది! చెడిపోయిన లిఫ్టులో పైకెలా పోతాను? చాలా మేడల్లో లిఫ్టు మోటారుండే మిషను గది ఉండేదేమో అన్నిటికన్నా పైన. ఇన్నేళ్లుగా నేను మెట్లెక్కే బతుకుతున్నాను!"

"అయ్యో, ఇన్నేళ్లు కాపురం చేసి నాకూ తట్టలేదేంటండీ!" అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఆ వెంటనే తమ్ముడి వైపు తిరిగింది. "నీళ్లు బాగా కాగాలి తమ్ముడూ. మేం దిగొచ్చేసరికి ఒళ్లు నొప్పులుంటాయి."

అతను నా వైపు దీనంగా చూశాడు. రూలు రూలే అన్నాను. నేనేం అంత మంచివాణ్ణి కాదు.

మా అమ్మాయి నా భుజం మీంచి బ్యాగు రెండు చేతులా దించి గోడ పక్కన పెట్టింది. "ఆదివారం ఇది తేవద్దు నాన్నా. భుజాలు ఖాళీగా ఉండాలి."

"ఎందుకే?"

"పైకెళ్లాక నన్ను ఎక్కించుకోవద్దూ?"

"ఎక్కించుకుంటాను," అన్నాను. నిజంగానే అన్నాను.