ఆషాఢం దాటిన రిటర్ను

ఆషాఢమాసం వచ్చిందంటే మన కృష్ణాజిల్లాలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్తుంది, గృహప్రవేశాలు ఆగిపోతాయి, మేళగాళ్ళు సన్నాయిలు సంచుల్లో సర్దేస్తారు. అవన్నీ పెద్దలు పెట్టిన కట్టుబాట్లు. వాటి మంచిచెడ్డలు పెద్దలకే వదిలేద్దాం. అయితే ఇన్‌కం టాక్సు కాగితాలు కూడా ఆషాఢం వెళ్ళేదాకా బీరువాలోంచి కదలకూడదని ఏ పంచాంగంలో రాసి ఉందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వం వారు పంచాంగం చూడరు. వాళ్ళకి జులై నెలాఖరంటే జులై నెలాఖరే. రెండు వేల మూడులో అమావాస్య వెళ్ళి శ్రావణం ప్రవేశించేసరికి గడువుకి మిగిలింది రెండే రోజులు.

బందరు కోనేరు సెంటరులో ఒక మందుల షాపు పైన జనార్దనరావు గారి ఆఫీసు. రిటర్నులు రాయడంలో తల నెరిసిన మనిషి. శ్రావణ పాడ్యమి పొద్దున ఆయన మేడమెట్ల పొడుగునా జనమే. రైసుమిల్లు వాళ్ళు, లారీల వాళ్ళు, కాలేజీ లెక్చరర్లు, అందరి చేతుల్లో కవర్లు, అందరి నోటా ఒకటే మాట, ఇవాళే అయిపోతుందా అని. ఏడాది పొడుగునా బట్టల కింద నిద్రపోయిన కాగితాలు అప్పుడే వెలుగు చూశాయి. అయినా మెట్ల మీద మాటలన్నీ జనార్దనరావు గారి ఆలస్యం గురించే. ఆయన చేతిలో పడితే నత్తనడకేనని ఒకరంటే, బెజవాడలో అయితే గంటలో ఇచ్చేస్తారని ఇంకొకరు అందుకున్నారు. చేతులు కాలాక ఆకుల కోసం వెతకడమూ, ఆకులమ్మేవాణ్ణి తిట్టడమూ మనకి కొత్త కాదు.

ఆ మెట్ల మీదే, కింది నుంచి రెండో మెట్టు మీద, పక్కనే ఉన్న గిలకలదిండి రేవు నుంచి వచ్చిన సుబ్బాయమ్మ కూర్చుని ఉంది. చేపల వ్యాపారం ఆమెది. తల్లి నెత్తిన గంపతో గుడివాడ వీధులు తిరిగింది. కూతురు అంతకంటే ఒక మెట్టు పైకెక్కి, పడవల వాళ్ళ సరుకు ఐసులో పెట్టించి లారీ మీద మద్రాసు పంపే స్థితికి వచ్చింది. ఇప్పుడు రేవు దగ్గర సొంతంగా ఒక ఐసు గోడౌను కట్టాలని ఆమె ఆశ. ఐసు నిలవ ఉంచే చోటు లేక, సరుకు ఎక్కువ పడిన రోజున వంజరాలూ చందువలూ మధ్యాహ్నానికల్లా కారుచౌకగా పోతున్నాయి. ఆ నష్టం ఆమె ఒక్కదానిదే కాదు, రేవులోని పడవ కుటుంబాలన్నిటిదీ. బ్యాంకు మేనేజరు అప్పిస్తానన్నాడు. అయితే ఇన్‌కం టాక్సు రిటర్ను రసీదు జులై లోపల తెచ్చి చూపించాలనీ, అది దాటితే పై సంవత్సరం మాటేననీ చెప్పాడు.

పాన్ కార్డు జులై మొదట్లోనే వచ్చింది. అప్పుడే బయలుదేరబోతే తమ్ముడు బాబ్జీ అడ్డుపడ్డాడు. మొట్టమొదటిసారి పెట్టే సంతకం, ఆషాఢంలో వద్దక్కా, శ్రావణం తొలి రోజున పెడదువుగాని అన్నాడు. అంత పెద్ద అప్పు మీద ఏ దోషం తగులుతుందోనని ఆమెకీ లోపల భయమే. ఆగిపోయింది.

తన వంతు వచ్చాక లోపలికి వెళ్ళి పాసుపుస్తకం ఇచ్చింది. జనార్దనరావు గారు దాన్ని నెమ్మదిగా తిరగేశారు. మద్రాసు నుంచి పడిన పెద్ద పెద్ద మొత్తాలు చూసి, ఇదంతా మీ సంపాదనేనా అమ్మా అని అడిగారు.

"కొంత నాదండీ. మిగతాది అందరిదీ."

అందరిదీ అంటే ఎవరిదని ఆయన అడిగారు. పడవల వాళ్ళదంది. వాళ్ళ డబ్బు మీ ఖాతాలోకి ఎందుకొచ్చిందన్నారు. వాళ్ళకి ఖాతాలు లేవు, నేనంటే వాళ్ళకి నమ్మకమంది. డీజిలుకి ముందుగా ఇచ్చిన సొమ్ము ఎలా తీసుకుంటారు, ఐసు ఖర్చు ఎవరిది, దారిలో పాడైన సరుకు ఎవరి మీద వేస్తారు, ఇలా ఆయన అడుగుతూనే ఉన్నారు. వెనకాల జనం విసుక్కోవడం వినిపిస్తోంది. గుడివాడ నుంచి కారులో వచ్చిన మిల్లు యజమాని ఒకాయన తలుపు తోసుకుని లోపలికి వస్తే, ఈవిడ తరవాతే మీరండీ అని ఆయన్ని బయటికి పంపేశారు. ఆ సంగతి సుబ్బాయమ్మ గమనించనైనా లేదు. ఇన్ని ప్రశ్నలు వేస్తున్నాడంటే తనని దొంగ కింద చూస్తున్నాడనుకుంది. చివరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవాళ కాదు సుబ్బాయమ్మ గారూ. రేపటికీ మాట ఇవ్వలేను. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. నాకు తెలియనిది నేను రాయలేను."

రేపటితో గడువు సరి. మెట్లు దిగి వచ్చి చెప్తే, కింద కాచుకుని ఉన్న బాబ్జీకి ఒళ్ళు మండింది. గుడివాడలో బసవయ్య అని ఒకాయన ఉన్నాడట, కాఫీ చల్లారేలోపల రాసి చేతిలో పెడతాడట. అక్కడి నుంచి అక్కడే బస్సెక్కించాడు.

బసవయ్య మాట నిలబెట్టుకున్నాడు. బస్టాండు దగ్గర చిన్న గది, బల్ల మీద సరళ్ అనే రిటర్ను ఫారాల కట్ట, పక్కన ఆగకుండా తిరిగే ఫ్యాను. ఆమె పేరూ ఊరూ అడిగాడు. ఎంత అప్పు కావాలో అడిగాడు. ఇంకేమీ అడగకుండా చకచకా రాసేసి, ఫారం ఇటు తిప్పి, సంతకం చేసే చోట వేలు పెట్టి చూపించాడు. ఏం రాశావు నాయనా అంటే, మొత్తం వరి కింద చూపించేశానన్నాడు. వ్యవసాయం మీద పన్ను లేదని ధైర్యం కూడా చెప్పాడు.

"వరేంటి బాబూ? మాకు సెంటు భూమి లేదు. గుమ్మం దిగితే ఇసకే."

"భూమి ఉందో లేదో ఎవరొచ్చి చూస్తారు పిన్నిగారూ? కృష్ణాజిల్లాలో వరంటే ఎవరూ అనుమానించరు."

మాట నిజమే. ఆ ధైర్యంతోనే ఆ రోజుల్లో చేపల చెరువులూ రొయ్యల గుంటలూ చివరికి సిమెంటు కొట్లు కూడా కాగితాల మీద పచ్చటి వరిచేలైపోయాయి. అందరూ పెట్టారు, నువ్వూ పెట్టెయ్యక్కా అని బాబ్జీ తొందర పెడుతున్నాడు. సుబ్బాయమ్మ కలం పట్టుకుంది. పెడితే రేపు సాయంత్రానికి రసీదు మేనేజరు బల్ల మీద ఉంటుంది. పెట్టకపోతే గోడౌను లేదు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ చెయ్యి కదలలేదు. తల్లి మోసిన గంప, తను తెల్లవారుజామున రేవులో ఓర్చుకున్న చలి, ఉప్పుకి పగిలిన చేతులు, వీటిలో ఒక్కటీ ఆ కాగితంలో లేదు. తన పేరుంది, తను లేదు. ఆమెకి భయం కాదు, కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. కలం బల్ల మీద పెట్టేసింది.

"నేను చేపలమ్ముకుని బతికాను బాబూ. దీని మీద సంతకం పెట్టలేను."

తిరుగు బస్సులో గుడ్లవల్లేరు దాటినా బాబ్జీ దెప్పుడు ఆగలేదు. ఆమె కిటికీలోంచి నాట్లు పడుతున్న చేలు చూస్తూ కూర్చుంది. పోయింది గోడౌను, తన చేతులతో తనే పోగొట్టుకుంది అనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారింది. పడవలు వచ్చాయి. రేవులో వేలం పాట మొదలైంది. ఆ గోలలో ఎవరో తెల్లటి పంచె మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని బురదలో నిలబడి ఉన్నారు. తీరా చూస్తే జనార్దనరావు గారు. పడవ యజమాని భార్య మాణిక్యమ్మని పక్కన పెట్టుకుని, ఏ గంప ఎవరిది, దాని పాట సొమ్ము ఎవరెవరికి పోతుంది అని అడుగుతున్నారు. ఆఫీసు మెట్ల మీద అంత జనం ఎదురుచూసే రోజున, తలుపులు తెరవకముందే రిక్షా కట్టించుకుని వచ్చారాయన.

సుబ్బాయమ్మ పరుగున వెళ్ళింది. ఇక్కడికెందుకొచ్చారండీ, కబురంపితే నేనే వచ్చేదాన్ని కదా అంది.

"మీరు చెప్తే నాకు అర్థం కాలేదమ్మా. చూస్తే తెలుస్తుందేమోనని వచ్చాను. ఇప్పుడు తెలిసింది. మీ ఖాతాలో పడేది ఊరి డబ్బు. అందులో మీది కొసరు. ఆ మొత్తమంతా మీదేనని రాస్తే పన్ను కింద మీరు నలిగిపోతారు. లేదని రాస్తే అబద్ధం. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే ఈ పడవల వాళ్ళందరూ వచ్చి ఎవరి వాటా వాళ్ళు చెప్పాలి. అది ఇవాళ కాదు. గడువు దాటాక కూడా రిటర్ను వెయ్యచ్చు, కాస్త వడ్డీ పడితే పడుతుంది. బ్యాంకు గడువు మాత్రం నా చేతిలో లేదు."

ఆమె దాచుకోలేదు. గుడివాడ వెళ్ళిన సంగతి చెప్పేసింది. ఆయన మొహంలో కోపం కనిపించలేదు. సంతకం పెట్టారా అని ఒక్క మాట అడిగారు. లేదంది. అయితే ఏమీ పోలేదమ్మా అన్నారు.

సుబ్బాయమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. తెల్లబట్టలవాళ్ళు చాలామంది వచ్చారు ఆ రేవుకి. ఓట్లకి వచ్చారు, తుఫాను వచ్చినప్పుడు వచ్చారు, ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడి వెళ్ళిపోయారు. నువ్వు ఏం పని చేస్తావు, ఎలా చేస్తావు అని ఇంత ఓపిగ్గా అడిగిన మనిషి ఆమెకి పుట్టి బుద్ధెరిగాక తారసపడలేదు. నిన్న ఆ ప్రశ్నల్ని అనుమానమనుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. అంతకు మించి, ఆ పెద్దాయన మీద తండ్రి మీద ఉన్నంత కృతజ్ఞత కలిగింది.

శ్రావణమంతా పడవల వాళ్ళు వేట లేని పూటల్లో ఒక్కొక్కరే ఆ మేడ ఎక్కారు. జనార్దనరావు గారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారు. భాద్రపదంలో రిటర్ను దాఖలైంది. పడిన పన్ను కొద్దిదే. దాన్ని కట్టి, ఆ చలానా తెచ్చి సుబ్బాయమ్మ దేవుడి పటం దగ్గర పెట్టింది. తన వ్యాపారం పేరు ప్రభుత్వం కాగితం మీద ఉండటం అదే మొదలు మరి.

అప్పు మాత్రం ఆ యేడు రాలేదు. మేనేజరు చెప్పినట్టే చేశాడు. శీతాకాలంలో సరుకు విరగబడితే ఐసు లేక ఇసక మీదే అయినకాడికి అమ్ముకున్నారు. గంప కదిలినప్పుడల్లా బాబ్జీ నిట్టూర్చేవాడు. నష్టం నష్టమే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. కొన్నాళ్ళకి బసవయ్య దగ్గర వరి రాయించుకున్న వాళ్ళలో కొందరికి నోటీసులొచ్చాయి. సముద్రం ఒడ్డున ఏ చేలో పండిందో ఆ పొలం చూపించమన్నారు. తాఖీదు అందుకున్న ఒకాయన రేవులోనే తల పట్టుకుని కూర్చుంటే చూసి వచ్చాక బాబ్జీ నిట్టూర్చడం మానేశాడు.

మరుసటి ఏప్రిల్‌లో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రం మీదికి వెళ్ళనివ్వని రోజులవి. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, అందరికీ తీరికే. సుబ్బాయమ్మ పడవల వాళ్ళని వెంటబెట్టుకుని కోనేరు సెంటరుకి వెళ్ళింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి. జనార్దనరావు గారు అందరికీ టీ తెప్పించి తీరిగ్గా కూర్చున్నారు. పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే వేళకి రిటర్ను అయిపోయింది. ఆయన నత్తనడక మనిషేమీ కాదని అప్పుడు తెలిసింది. మనం ఇచ్చే కాలమే ఎప్పుడూ మూరెడు తక్కువ. రెండేళ్ళ రిటర్నులూ చూసిన మేనేజరు ఈసారి అప్పు మంజూరు చేశాడు.

కార్తీకమాసంలో ఐసు గోడౌను తెరిచారు. రిబ్బను జనార్దనరావు గారి చేతనే కత్తిరింపజేసింది సుబ్బాయమ్మ. మాట్లాడమంటే ఆయన మొహమాటపడి నాలుగు మాటలే మాట్లాడారు.

"నా వల్ల మేలు జరిగిందని ఈవిడ అంటున్నారు. నేను చేసింది అడగడమే. రిటర్ను రాయడానికి ఎంతసేపు పడుతుందని అందరూ నన్ను అడుగుతారు. రాయడానికి గంట చాలు. ఒక మనిషి కష్టం తెలుసుకోవడానికి గంట చాలదు. ఆ వ్యవధి మాకు ఇవ్వండి, ముందుగా రండి. సుబ్బాయమ్మ గారు ఒక యేడు అప్పు వదులుకుని ఆ వ్యవధి నాకిచ్చారు. కృతజ్ఞత చెప్పాల్సింది నేను."

చప్పట్లు కొట్టారు. సుబ్బాయమ్మకి మాట్లాడటం అలవాటు లేదు. అయినా లేచి ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టి, గోడౌను ముందు నిలబడిన తన వాళ్ళందరి వైపూ తిరిగింది.

"మన కష్టం ఏంటని అడగనివాడి చేత మన కష్టం రాయించుకోకండి."